గ్రాఫైట్ సొరంగంలో రెండు గీతలు

"ఇది ఆత్మహత్యాయత్నం కాదని మీకెవరు చెప్పారు మేడమ్?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సర్వేశ్వరరావు, సొరంగం గేటుకు అడ్డంగా నిలబడి.

"ఎవరూ చెప్పలేదు. అవునని మీకెవరు చెప్పారో తెలుసుకుందామని వచ్చాను," అంది అంతోనమ్మ.

సర్వేశ్వరరావు నవ్వలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతను విశాఖపట్నంలో ఈమె కిందే పనిచేశాడు. ఎస్సైగా ఉన్న మనిషి ఆ ఉద్యోగం వదిలేసి ప్రైవేట్ డిటెక్టివ్ ఎందుకయిందో డిపార్ట్‌మెంటులో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆమెను గేటు దగ్గర్నుంచి నెట్టేయడానికి అతనికి చేతులు రాలేదు. అలాగని దారి ఇవ్వడానికీ మనసొప్పలేదు.

"టైటస్ చెల్లెలు డాలీ నన్ను రమ్మంది," అంది అంతోనమ్మ. "వాళ్లన్న స్పృహ లేకుండా విశాఖ ఆసుపత్రిలో ఉన్నాడు. లేచినా లేవకపోయినా అతని మీద ఆత్మహత్యాయత్నం సెక్షన్, మూడొందల తొమ్మిది కింద కేసుంటుంది. చనిపోవాలనుకున్నవాడన్న పేరొకటి, దొంగ లెక్కలు రాశాడన్న పేరొకటి. రెండూ కలిపి ఒక్కడి నెత్తిన పెట్టే ముందు నన్నొక గంట చూడనివ్వు సర్వేశ్వర్రావ్."

పేరు పెట్టి పిలిచేసరికి అతను కొంచెం పక్కకు జరిగాడు.

"చూడండి. కానీ చూసేది మీరొక్కరే కాదు. నేనూ ఉంటాను."

అది ఒకప్పుడు గ్రాఫైట్ తవ్విన సొరంగం. గని మూతపడ్డాక చాలా ఏళ్లకి ఒక పరిశోధన సంస్థ దాన్ని తీసుకుని లోపల ల్యాబ్ కట్టింది. పైన అంత కొండ ఉంటే రేడియో తరంగాలు రావు, అదురు తక్కువ. అక్కడ చేసే పనికి ఆ నిశ్శబ్దం కావాలి. డైరెక్టరు డాక్టర్ వెంకటరమణ. ఆయన కింద పరిశోధకులు ఇద్దరే, టైటస్, రత్న. టైటస్ ఈ లోయ కుర్రాడే, పెదబయలు మిషన్ స్కూల్లో చదువుకుని పైకొచ్చినవాడు. రత్నది గుమ్మలక్ష్మీపురం.

పోయిన ఆదివారం, ఊరంతా చర్చిలో ఉన్న వేళ, టైటస్ లోపలి గదిలో పడి ఉండగా వాచ్‌మన్ భీముడు చూశాడు. గది నిండా నైట్రోజన్ వాయువు. దానికి వాసన ఉండదు, రంగుండదు. గాలిలోని ప్రాణవాయువును నెట్టేసి తను కూర్చుంటుంది. పీల్చినవాడికి ఊపిరాడటం లేదన్న సంగతి కూడా తెలియదు, కూలిపోతాడు.

"నేను చెప్తాను వినండి," అన్నాడు సర్వేశ్వరరావు, నడుస్తూనే. "శుక్రవారం ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది. టైటస్ ఏదో అద్భుతం చేశానని అంతకు ముందు కాగితాల మీద రాసిచ్చాడు. వాళ్ల ముందు చేసి చూపించమంటే చూపించలేకపోయాడు. డైరెక్టరుగారు పాత లెక్కలన్నీ నమ్మదగ్గవి కావని కమిటీకి చెప్పాల్సి వచ్చింది. కుర్రాడు శనివారమంతా అన్నం తినలేదు. ఆదివారం వచ్చి ఆక్సిజన్ తగ్గితే మోగే అలారానికి టేపు చుట్టాడు, ఫ్యాను ఆపాడు, నైట్రోజన్ ట్యాంకు తిప్పాడు. ఆ టేపు అతని బల్ల మీది చుట్టలోదే."

"ఆ టేపు ముక్క మీద వేలిముద్రలున్నాయా?"

"లేవు. ల్యాబ్‌లో అందరూ గ్లౌజులేసుకునే పనిచేస్తారు."

అంతోనమ్మ వెనక్కి తిరిగింది. భీముడు తాళంచెవుల గుత్తి పట్టుకుని నాలుగడుగుల దూరంలో వస్తున్నాడు.

"భీముడూ, నువ్వు బయటికి తెచ్చినప్పుడు అతని చేతులకి గ్లౌజులున్నాయా?"

"లేవమ్మా. సర్చికేసుకున్న తెల్ల సొక్కాతోనే ఉన్నాడు. సేతులు ఉత్తివే."

"గదిలో ఎక్కడైనా పడున్నాయా గ్లౌజులు?" అని ఈసారి సర్వేశ్వరరావును అడిగింది.

"లేవు," అంటూ అతను గది తలుపు తెరిచాడు.

బరువైన ఇనుప తలుపు అది, లోపలికి తెరుచుకుంటుంది. గది మధ్యలో పైకప్పు నుంచి వేలాడుతూ మనిషెత్తు యంత్రం ఉంది. అంతస్తులు అంతస్తులుగా ఇత్తడి పళ్లాలు, సన్నటి గొట్టాలు. దాని తొడుగులన్నీ విప్పి గోడకు ఆనించారు. మూలన యంత్రాన్ని చల్లబరచడానికి వాడే ద్రవ నైట్రోజన్ ట్యాంకు, మర తిప్పితే బయటికొచ్చి వాయువయ్యేది. నేల మీద గోడల నుంచి రాలే నల్లటి పొడి పలచగా పరుచుకుని ఉంది. ఎంత ఊడ్చినా ఈ సొరంగంలో అది పోయేది కాదు.

ఆ పొడిలో, యంత్రం దగ్గర్నుంచి గుమ్మం దాకా, రెండు గీతలు ఒకదాని పక్కన ఒకటి సాగి ఉన్నాయి. అంతోనమ్మ వాటి పక్కనే కూర్చుంది.

"అవి టైటస్‌ని ఈడ్చుకొచ్చిన గుర్తులు," అన్నాడు సర్వేశ్వరరావు. "మడమలవి."

"ఈడ్సలేదు బాబూ," అన్నాడు భీముడు గుమ్మం అవతల నుంచి. "నేనే బుజానేసుకొచ్చినాను. ఆడు గుమ్మం కాడే ఉన్నాడు. తలుపు తోత్తే కాలికి తగిలినాడు."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"తమరడగలేదు బాబూ."

అంతోనమ్మ తలెత్తకుండానే అంది, "టైటస్ పడింది గుమ్మం దగ్గర. గీతలు మొదలయింది యంత్రం దగ్గర. అయితే ఇక్కడ ఇంకొక మనిషి పడిపోయారు. ఆ మనిషిని ఎవరో చంకల కింద చేతులేసి బయటికి లాగారు. భీముడూ, ట్యాంకు నువ్వు కట్టేశావా?"

"నేను ముట్టలేదమ్మా. ఊపిరి బిగబట్టి ఆడ్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చేసినాను."

"నువ్వొచ్చేసరికి మూసి ఉందా, తెరిచి ఉందా సర్వేశ్వర్రావ్?"

"మూసుంది." అతని గొంతు తగ్గింది. "వాచ్‌మనే మూశాడనుకున్నాను."

"చావడానికి వచ్చినవాడు ట్యాంకు తిప్పుతాడు. మళ్లీ గట్టిగా కట్టేసి చావడు."

సర్వేశ్వరరావుకు ముఖం ఎర్రబడింది. "మేడమ్, నా స్టేషన్ పరిధిలో ఏడు మండలాల గొడవలున్నాయి. ఇక్కడ వీళ్లు చేసే పనేమిటో కూడా నాకర్థం కాదు. సెకన్లో పది లక్షో వంతు కాలం బతికే దాన్నేదో ఇంకొంచెం ఎక్కువ బతికించాలని చూస్తున్నారట. దానికోసం ఒకడు దొంగ లెక్కలు రాశాడట. డైరెక్టరంతటివాడు చెప్పాడు, నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణమేదీ?"

"డాలీ నీ దగ్గరికి వచ్చి ఏడిచింది కదా. అది కారణం కాదా?"

అతను ఆ మాటకు కోపగించుకోబోయి మానేశాడు. అంతోనమ్మ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"డాలీ నాకింకొక మాట చెప్పింది," అంటూ ఆమె లేచింది. "ఆ రోజు టైటస్ చర్చిలో చెల్లెలి పక్కనే ఉన్నాడట. ప్రసంగం మధ్యలో 'అన్నీ చూశాను గానీ డబ్బా చూసుకోలేదు' అంటూ లేచి వెళ్లిపోయాడట. ఏ డబ్బా అది? రత్నని పిలిపించు."

రత్నకు ముప్పై లోపే. చుడీదారు మీద స్వెటరు వేసుకుంది. గుమ్మం దాటేటప్పుడు గోడ పట్టుకుని, కాలు జాగ్రత్తగా తీసి వేసింది. కుంటుతున్నానని తెలియకూడదని చాలా ప్రయత్నిస్తోంది.

"ఏం తగిలిందమ్మా కాలికి?" అని అడిగింది అంతోనమ్మ.

"వంట చేస్తుంటే నూనె చిందిందండీ."

"అయ్యో. మందు రాశావా?"

"రాశానండీ."

అంతోనమ్మ అక్కడితో ఆగింది. "మీరిక్కడ చేసే పనేమిటో నాకు తెలిసేలా చెప్పు. తొందరేం లేదు."

రత్న యంత్రం అట్టడుగున వేలాడుతున్న రాగి డబ్బాను చూపించింది. అది చిన్న టిఫిను గిన్నెంత ఉంది.

"దీని లోపల గోరంత చిప్పు ఉంటుందండీ. దాని మీద అల్యూమినియంతో గీసిన సర్క్యూట్. బాగా చల్లబరిస్తే అందులో కరెంటు ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంది. దాన్నే క్యూబిట్ అంటాం. మామూలు కంప్యూటర్లో సున్నా అయినా ఉండాలి, ఒకటైనా ఉండాలి. ఇది రెండూ కలిసిన స్థితిలో ఉండగలదు. కానీ నిలవదు. వెంటనే చెదిరిపోతుంది. రెండు మైక్రోసెకన్లు నిలిస్తే గొప్ప. అది చెదిరేలోపే లెక్క చెయ్యాలి. అందుకే దాని ఆయుష్షు పెంచడానికి ప్రపంచంలో అందరూ తంటాలు పడుతున్నారు."

"టైటస్ పెంచాడా?"

"పెంచాడండీ." ఆ మాట చెబుతున్నప్పుడు మాత్రం ఆమె గొంతు స్థిరంగా ఉంది. "ఆరు రెట్లు."

"ఎలా?"

రత్న ఒకసారి సర్వేశ్వరరావు వైపు చూసి కళ్లు దించుకుంది. "నాకు తెలియదండీ."

"ఈ డబ్బా విప్పి చూపిస్తావా?"

రత్న బోల్టులు విప్పుతుంటే స్పానరు రెండుసార్లు జారింది. డబ్బా చేతికొచ్చాక అంతోనమ్మ లోపల టార్చి వేసింది. రాగి అద్దంలా మెరిసింది. తర్వాత ఆమె డబ్బాను పక్కన పెట్టి, అది బిగించే పళ్లేన్ని, బోల్టుల మరలని జేబురుమాలుతో తుడిచింది. రుమాలు నల్లబడింది. గోటితో గీస్తే గట్టిపడిన జిగురు పలుకులు రాలాయి.

"ఈ డబ్బాకి ఏ పూతా లేదు. బోల్టులకేమో నల్లటి జిగురు అంటుకునుంది. అంటే ఇంతకు ముందు ఇక్కడ బిగించింది వేరే డబ్బా," అంది. "లోపల నల్లగా పూసిన డబ్బా. డాలీ చెప్పింది, వాళ్లన్న ఇంట్లో చోడిపిండి జల్లెడ పట్టుకుపోయి పాడుచేశాడని వాళ్లమ్మ కోప్పడిందట. ఈ సొరంగం పొడిని జల్లించి, జిగురులో కలిపి పూశాడు. అవునా రత్నా?"

రత్న గోడ పట్టుకుంది.

"సర్వేశ్వర్రావ్, ఈ అమ్మాయిని కూర్చోబెట్టి మాట్లాడదాం. ఈ చలిలో నిలబెట్టొద్దు."

ఆఫీసు గదిలో హీటరు ముందు కుర్చీ వేయించి, భీముడి చేత కాఫీ తెప్పించింది. సర్వేశ్వరరావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. రత్న రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"వంట దగ్గర నూనె చిందితే పాదం మీద పడుతుంది, ముంజేతి మీద పడుతుంది," అంది అంతోనమ్మ మెల్లగా. "నీకు రెండు కాళ్లకీ పిక్కల వెనక కట్లున్నాయి. కూర్చునేటప్పుడు చూశాను. వెల్లకిలా పడిపోయి, నేల మీద గడ్డకట్టించే చల్లటి ద్రవం ఉంటే అక్కడ కాలుతుంది. నేలమీద గీతలు నీ మడమలవే. నిన్ను నేను పట్టుకోవడానికి రాలేదమ్మా. టైటస్ గదిలోకి చావడానికి వెళ్లలేదు. నిన్ను తీయడానికి వెళ్లాడు. అది నువ్వొక్కదానివే చెప్పగలవు."

రత్న గ్లాసు కింద పెట్టేసింది. అప్పటిదాకా పట్టుదలగా మాట్లాడిన పుస్తకాల భాష కాస్తా రత్న నోట్లోంచి జారిపోయింది.

"నాకు తెలీదండీ ఆడు లోపలున్నాడని. నిజ్జంగా తెలీదు."

"మొదటి నుంచి చెప్పు."

రత్న చెప్పింది.  అంతోనమ్మ ఎక్కడా తొందరపెట్టలేదు.

యంత్రం పై అంతస్తుల వెచ్చదనం కంటికి కనిపించని వెలుగుగా సందుల్లోంచి దిగుతుంది. మెరిసే డబ్బాలో అది అటూ ఇటూ కొట్టుకుని చివరికి చిప్పు మీద పడి క్యూబిట్‌ను చెదరగొడుతుంది. నల్లటి పూత ఆ వెలుగును మింగేస్తుంది. టైటస్ కనిపెట్టింది అదే. కమిటీ రాకముందు, చివరిసారి యంత్రాన్ని తెరిచినప్పుడు, డైరెక్టరు వెంకటరమణ రత్నను పిలిచి పూత లేని డబ్బా బిగించమన్నాడు. టైటస్‌కు చెప్పొద్దన్నాడు. చేసేవాడికి తెలియకుండా చేస్తేనే పరీక్ష నిజమైనదవుతుందనీ, ఆయుష్షు పడిపోతే పూత వల్లే పెరిగిందని కమిటీ ముందు రుజువవుతుందనీ చెప్పాడు. అది సబబుగానే తోచింది ఆమెకు. నల్ల డబ్బాను తన గదిలో దాచింది.

"శుక్రవారం ఆయన ఆ మాట చెప్తారు చెప్తారని చూశానండీ. చెప్పలేదు. టైటస్ అందరి ముందూ నిలబడి మళ్లీ మళ్లీ కొలుస్తున్నాడు. చెమటలు పట్టేసినాయి. ఆయన లేచి, ఈ అబ్బాయి పాత లెక్కలకి నేను బాధ్యుణ్ని కాను అనేశారు. నేను నోరు తెరవలేదు. అంత పెద్దాయన, ఏదో కారణముంటుందనుకున్నాను."

"తర్వాత?"

"శనివారం ఆయన దగ్గరికెళ్లి ఏడ్చాను. కమిటీకి నేనే చెప్పేస్తానన్నాను. టైటస్ వెళ్లిపోయాక మనిద్దరం దీన్ని ప్రకటిద్దాం, నీకూ పేరొస్తుంది అన్నారు. నాకొద్దన్నాను. అప్పుడాయన సరే, నువ్వన్నదే న్యాయం, రేపు అందరూ చర్చికెళ్లాక నువ్వొక్కదానివే వెళ్లి ఆ డబ్బా మళ్లీ బిగించేయ్, సోమవారం నేనే కమిటీకి ఫోన్ చేసి చెప్తాను అన్నారు. కాళ్లకి దణ్ణం పెట్టుకుని వచ్చేశానండీ."

ఆదివారం ఆమె తలుపు తెరిచి లోపలికి వెళ్లింది. యంత్రం దగ్గర వంగింది. అంతే తెలుసు. మళ్లీ కళ్లు తెరిచేసరికి సొరంగంలో, గుమ్మానికి బయట పడి ఉంది. తల పగిలిపోతోంది. చుట్టూ ఎవరూ లేరు. ఇనుప తలుపు మూసి ఉంది.

"కళ్లు తిరిగి పడిపోయి నేనే పాక్కుంటూ బయటికొచ్చాననుకున్నాను. ఎవరైనా చూస్తే డబ్బా సంగతి బయటపడుతుందని భయమేసి పారిపోయాను. ఆ తలుపు అవతలే ఉన్నాడండీ. చేత్తో తోస్తే తెరుచుకునేది." 

అంతోనమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె భుజం మీద చేయి వేసింది.

"ఆ తలుపు అతనే మూశాడు రత్నా. నిన్ను గుమ్మం అవతల పడుకోబెట్టాక, గదిలోని వాయువు నేల మీదుగా నీ వైపే వస్తుందని అతనికి తెలుసు. లోపలికెళ్లి, తలుపు మూసి, ట్యాంకు కట్టేశాడు. తిరిగి గుమ్మం దాకా రాగలిగాడు గానీ తెరవలేకపోయాడు. నువ్వు పారిపోయింది అతన్ని వదిలేసి కాదు. అతను అక్కడున్నట్టు నీకు తెలియదు. ఈ రెండూ ఒకటి కాదు, ఎప్పుడూ కలపకు."

సర్వేశ్వరరావు కిటికీ దగ్గర్నుంచి కదిలాడు. "ఒక్క ప్రశ్న. అలారానికి టేపు నువ్వు చుట్టావా?"

"లేదండీ. అలారం వైపు చూడనే లేదు."

"ట్యాంకు తిప్పావా? ఫ్యాను ఆపావా?"

"నైట్రోజన్‌తో నాకు పని లేదండీ. యంత్రం ఆపేసే ఉంది."

"టైటస్ కూడా కాదు," అంది అంతోనమ్మ. "అతను వచ్చేసరికే నువ్వు పడిపోయున్నావు. అంటే నువ్వు రాకముందే ఆ గది నిండి ఉంది. భీముడూ, శనివారం సాయంత్రం ఆ గదిలోంచి ఆఖరున వచ్చిందెవరు?"

కాఫీ గ్లాసులు తీస్తున్న భీముడు తలెత్తాడు. "డైరెక్టరుబాబేనమ్మా. ఆయనే తాళం ఏసి సెవులు నాకిచ్చినారు. పొద్దున్న రత్నమ్మ అడిగితే ఇయ్యమన్నారు, ఇచ్చినాను."

 రత్న అంతోనమ్మ వైపు తిరిగింది.

"అవునమ్మా," అంది అంతోనమ్మ. "ఆదివారం ఆ గదిలోకి ఎవరొస్తారో తెలిసింది ఆయనొక్కడికే. ఆ ఏర్పాటు టైటస్ కోసం కాదు. నీకోసం. డబ్బా మార్పించింది ఆయనేనని చెప్పగలిగే మనిషివి నువ్వొక్కదానివే. మర్నాడు ఆయనే ముందొచ్చి ఆ టేపు తీసేస్తే, పనిలో జరిగిన ప్రమాదం అనుకునేవారు. టైటస్ ప్రసంగం మధ్యలో లేచి వస్తాడని ఆయన అనుకోలేదు."

"నల్ల డబ్బా ఇప్పుడెక్కడుంది?" అని అడిగాడు సర్వేశ్వరరావు.

"ఆ రోజు లోపలికి తీసుకెళ్లానండీ. మళ్లీ కనిపించలేదు."

"ఆయన తీసేసుంటాడు," అంది అంతోనమ్మ. "ఆయన్నే అడగాలి. పొద్దుటి నుంచీ కనిపించలేదు. ఎక్కడున్నాడు?"

సర్వేశ్వరరావు టోపీ తీసి బల్లమీద పెట్టాడు. 

"టైటస్ కళ్లు తెరుస్తున్నాడని రాత్రి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది మేడమ్. మంచి కబురు కదా అని నేనే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. పొద్దున్నే విశాఖ బయల్దేరారు."

"అక్కడ నీ కానిస్టేబులున్నాడు కదా."

"తీసేశాను. పారిపోయే మనిషి కాదని నిన్ననే వెనక్కి పిలిపించాను."

 అంతోనమ్మ బల్లమీది ఫోన్ అతని వైపు తోసింది. అతను ఆసుపత్రికి కలిపి, వార్డు నర్సు చేత డాలీని పిలిపించి, రిసీవరు అంతోనమ్మకిచ్చాడు. లైను గరగరలాడుతున్నా డాలీ గొంతు గదంతా వినిపించేంత గట్టిగా ఉంది.

"మేడంగారూ, అన్నయ్యకి తెలివొచ్చిందండీ. ఇప్పుడే మాటాడినాడు. మొట్టమొదట ఏటన్నాడో తెలుసా, 'రత్న లేచిందా' అనడిగాడు. నాకేటీ అర్థం కాలేదు."

రత్న కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆ మాట అన్నప్పుడు పక్కనెవరున్నారు డాలీ?"

"డైరెక్టరుగారున్నారండీ. పాపం పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నారు. అన్నయ్య మాటాడ్డం సూసి, నువ్వు బేగి ఎల్లి డాక్టర్ని పిలుసుకురామ్మా, నేను సూసుకుంటాను అన్నారు. నేనటే ఎల్తన్నాను, ఇంతలో నర్సమ్మ ఫోనుకి పిలిసింది."

"డాక్టర్ కోసం వెళ్లకు. వెనక్కి గదిలోకి పరిగెత్తు. అరుచుకుంటూ వెళ్లు, వార్డులో ఉన్న ప్రతివాళ్లూ నీ వెంట రావాలి. ఆయన్ని మంచం దగ్గర్నుంచి లాగెయ్. తర్వాత చెప్తాను, ముందు పరిగెత్తు."

అవతల రిసీవరు దేనికో కొట్టుకున్న చప్పుడయింది. డాలీ కేకలు దూరమయ్యాయి. చాలా అడుగుల చప్పుడు ఒక్కసారిగా అటువైపు కదిలింది. సర్వేశ్వరరావు అప్పటికే బయట జీపు దగ్గర వైర్‌లెస్ పట్టుకుని, విశాఖలో దగ్గరున్న స్టేషన్‌ని పిలుస్తున్నాడు.

అంతోనమ్మ రిసీవరును చెవికి గట్టిగా అదిమిపెట్టి వింటోంది. రత్న వచ్చి ఆమె చేతిలోంచి మెల్లగా దాన్ని తీసుకుంది. అవతల ఎవరూ లేరని తెలిసినా, మంచం మీదున్న మనిషికి ఏదో విధంగా చేరుతుందన్నట్టు, నోటి దగ్గర పెట్టుకుని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది.

"లేచాను టైటస్. లేచాను."